రోమా రాణి కొప్పు, అజ్మాన్‌లో ఒక కుర్చీ

దుబాయ్ వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ అడిగిన మాట ఒకటే: "ఆ ఎత్తయిన మేడ ఎక్కావా?" ఎక్కలేదు. కారు కిటికీలోంచి దాని కొస కనబడితే దండం పెట్టి ఊరుకున్నాను. నేను కళ్ళారా చూసింది బొటనవేలి గోరంత బంగారు నాణెం. దాని మీద రోమా రాణి ఒకావిడ, ఆవిడ తల మీద ఒక కొప్పు. ఆ కొప్పు మా చెల్లెలు మంగకి చేసిన మేలు చెప్పకుండా మేడల గురించి చెప్పడం నాకు చేతకాదు.

నేను బడికి వెళ్ళలేదు. మా అమ్మ వంటింటి గచ్చు మీద ముగ్గుపిండితో అక్షరాలు దిద్దించింది. మా మేనత్త మొగ్గలజడ కుట్టడం నేర్పింది. నరసాపురం చుట్టుపక్కల ఎందరు పెళ్ళికూతుళ్ళ జడలు ఈ చేతుల మీదుగా వెళ్ళాయో లెక్క పెట్టుకోలేదు. ఆ పనిలో నాకు సాయపడుతూ పెరిగిన మంగ, భర్త పోయాక అజ్మాన్‌లో ఒక లేడీస్ సెలూన్‌లో పనికి కుదిరింది. కరోనా రోజులు కూడా అక్కడే గడిపింది. ఆ దిగులుతోనే పిలిచినట్టుంది, "ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళక్కా" అని. విజిట్ వీసా తీసి పంపింది. నరసింహస్వామికి కొబ్బరికాయ కొట్టి విమానం ఎక్కాను.

షార్జా విమానాశ్రయంలో సవరం

తప్పు నాదే. మంగకి జుట్టు పలచబడిందంటే మంచి సవరం ఒకటి చుట్ట చుట్టి పెట్టెలో పూతరేకుల పక్కన పెట్టాను. పెట్టె యంత్రంలోంచి బయటికొచ్చేసరికి నల్లబురఖా వేసుకున్న ఆఫీసరమ్మాయి నన్ను పక్కకి పిలిచింది. పెట్టె తెరిచి, సవరాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, దాని కొస నేల దాకా జారుతుంటే వెనక్కి ఒక అడుగు వేసింది.

"షూ హాదా?"

ఇదేమిటని అడుగుతోందని అర్థమైంది గానీ జవాబు ఏ భాషలో చెప్పను? సవరం తీసుకుని నా జడకి కలిపి మూడుపాయలుగా అల్లి చూపించాను. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంకో ఆఫీసరమ్మాయిని పిలిచింది. ఆవిడా చూసింది. మళ్ళీ అల్లి చూపించమన్నారు. నా వెనక లైనులో ఉన్నవాళ్ళు విసుక్కుంటుంటే, "యల్లా, యల్లా" అని చెయ్యి ఊపి పంపేశారు. పరాయి దేశంలో నాకు ఎదురైన మొదటి ముఖం నవ్వుముఖం అయినందుకు లోపల్లోపల స్వామికి దండం పెట్టుకున్నాను.

అజ్మాన్: కుర్చీ ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు

మంగ ఉండే గదిలో ఇంకో ఆవిడ ఉంది. పేరు గంగ, జగిత్యాల వైపు మనిషి, ఇళ్ళల్లో పని చేస్తుంది. ఆవిడ జుట్టు విప్పితే మోకాళ్ళ కిందికి దిగుతుంది. రోజూ పొద్దున దాన్ని ముడేసి, స్కార్ఫు కింద దాచి పనికి వెళ్ళిపోతుంది.

"ఎవలు సూస్తరక్కా, ఈ జుట్టును? సబ్బుకు ఖర్సు తప్ప దీంతోని ఫాయిదా లేదు," అంది నాతో మొదటిరోజే.

అక్కడ ఒక దిర్హమ్‌కి ఖుబ్బూస్ రొట్టెల కట్ట వస్తుంది. దాన్ని మన చేపల పులుసులో ముంచి తినడం నాకు మొదట అపచారంలా అనిపించింది. రెండో ముద్దకి అలవాటైపోయింది. వంజరం ధర అడిగి మన రూపాయల్లోకి మార్చుకోబోతే మంగ నా నోరు మూసింది. "లెక్క కట్టేవంటే ఇక్కడ ముద్ద దిగదక్కా."

మర్నాడు పూతరేకులు పట్టుకుని మంగ సెలూన్‌కి వెళ్ళాను. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. అద్దం ముందు కుర్చీ వెనక నిలబడేవాళ్ళు ఒక కులం, తలలు కడిగేవాళ్ళు ఒక కులం. కుర్చీ ఉన్నవాళ్ళ పేరు అడిగి కస్టమర్లు వస్తారు. వాళ్ళ జీతం వేరు, మర్యాద వేరు. మంగ వచ్చినప్పట్నుంచీ తలలు కడుగుతోంది, నూనె పెడుతోంది, నేల మీద వెంట్రుకలు ఊడుస్తోంది. వచ్చిన ఆడవాళ్ళకి ఇంకొకరి కుర్చీ చూపించి "తఫద్దలీ" అంటుంది. దయచేయండి అని అర్థం.

మేనేజరు నస్రీన్ మేడం హైదరాబాదు పాతబస్తీ మనిషి. పూతరేకు ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. "హాయల్లా, కాగితం తింటున్న అనుకున్న, జన్నత్ తింటున్న!" తర్వాత కౌంటర్ మీద ఉన్న ఒక రంగుల కార్డు మా వైపు జరిపింది.

షార్జాలో ఒక మ్యూజియంలో రోమా రాణుల నాణేలు ప్రదర్శనకి పెట్టారట. ముగింపు సాయంత్రం ఆడవాళ్ళకి ప్రత్యేకం. చుట్టుపక్కల సెలూన్ల వాళ్ళు ఏదో ఒక నాణెం మీది తలకట్టు చూసి, అలాగే ఒక మనిషికి తల దువ్వి తీసుకురావాలి. సెలూన్‌కి ఇద్దరు వెళ్ళొచ్చు.

"ఒకటి మా జెన్నీ చేస్తది," అంది నస్రీన్. జెన్నీ ఫిలిప్పీన్స్ అమ్మాయి, కిటికీ పక్క కుర్చీ ఆమెది.

మంగ చేతిలో తడి తువ్వాలు ఉంది. అది పిండుతూనే అంది, "రెండోది నేను చేస్తా మేడం."

"క్యా? తల కడుగుడు ఇడిసిపెట్టి రాణుల కొప్పులు కడ్తవా?"

"మా ఊళ్ళో రాణుల్లాంటోళ్ళకే కట్టేను మేడం."

జెన్నీ ఫక్కున నవ్వింది. భాష తెలియకపోయినా మాటలోని ఒడుపు తెలిసినట్టుంది. నస్రీన్ వేలు ఎత్తింది. "సరే, చెయ్యి. నీ సెలవు రోజు, నీ సామాన్తో. అక్కడ మంచి పేరొస్తే మూలకున్న ఆ కుర్చీ నీది. రాకపోతే ఖలాస్, మళ్ళ కుర్చీ మాట నా దగ్గర ఎత్తొద్దు. ఠీక్?"

"ఠీక్," అంది మంగ. తువ్వాలులో ఇంక పిండడానికి నీళ్ళు లేవు.

షార్జా: భూతద్దం వెనక రాణులు

నాణేలంటే పళ్ళెమంత ఉంటాయనుకుని వెళ్ళాను. ఒక్కొక్కటి బొట్టుబిళ్ళంత ఉన్నాయి. ప్రతిదాని ముందూ భూతద్దం బిగించారు. వంగి చూస్తే అంత చిన్న లోహం ముక్క మీద ముక్కు, పెదవి, చెవి, జుట్టులో ఒక్కొక్క పాయ. ఎవరు చెక్కారో గానీ ఆ చేతుల్ని దేవుడు చల్లగా చూసి ఉంటాడు.

అక్కడ హుదా అనే ఆవిడ వచ్చినవాళ్ళకి వివరాలు చెబుతోంది. ఆ దేశపు మనిషి, హిందీ బాగా వచ్చు. ఆవిడ చెబితే మంగ నాకు తెలుగులో చెప్పింది. రోమా ఆడవాళ్ళకి సింహాసనం ఎక్కే హక్కు లేదట. సభలో మాట్లాడే హక్కూ లేదట. అయినా వాళ్ళ ముఖం మాత్రం నాణెం ఎక్కి సంతలన్నీ తిరిగింది. ఉప్పు కొన్నా, పప్పు కొన్నా చేతిలో ఆవిడే. అక్కడి ఓడలు మిరియాలకీ, బట్టలకీ మన తీరానికి వచ్చేవని, రోమా బంగారు నాణేలు మన కృష్ణా తీరంలోనూ దొరికాయని, ఇక్కడికి దగ్గర్లో ఉమ్ అల్ క్వైన్ ఇసుకలోనూ రోమా నాణేలు బయటపడ్డాయని హుదా చెబుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. నేను విమానంలో దాటిన సముద్రాన్ని ఆ రాణుల ముఖాలు ఎప్పుడో దాటాయన్నమాట.

అగ్రిప్పినా అనే రాణి నాణేలు రెండు పక్కపక్కన ఉన్నాయి. మొదటిదాంట్లో ఆవిడా, కొడుకు చక్రవర్తీ ఎదురెదురుగా ముక్కుకి ముక్కు పెట్టి ఉన్నారు. రెండోదాంట్లో కొడుకు ముందుకొచ్చాడు, తల్లి వెనక్కి జరిగింది. ఆ తర్వాత నాణేల్లో ఆవిడ లేదట.

"కోడలొచ్చుంటదక్కా!" అంది మంగ.

ఆ మాట హిందీలో చెప్పించుకుని హుదా నవ్వింది గానీ, వెంటనే గొంతు తగ్గించి, ఆ కొడుకే తల్లిని చంపించాడని చెప్పింది.  ఆ తల్లి ఆత్మ కోసం మనసులో ఒక నామం చెప్పుకున్నాను. ఏ దేశపు తల్లయితేనేం?

జూలియా డోమ్నా అనే రాణి జుట్టు అలలు అలలుగా చెవుల మీదికి దిగి శిరస్త్రాణంలా ఉంది. అది జెన్నీ ఎంచుకుందట. మంగ అన్నీ చూసి చూసి ఒక బంగారు నాణెం దగ్గర ఆగిపోయింది. ఆ రాణి పేరు ఫౌస్టీనా. నుదుటి మీద మెత్తటి అలలు. వెనక జడలు కిందికి వదలకుండా పైకి లాగి, నడినెత్తిన చుట్టలు చుట్టి కొప్పు పెట్టారు. నాణెం వెనకవైపు ధాన్యం కంకులు పట్టుకున్న దేవత. మన ధాన్యలక్ష్మి ఆ ఊళ్ళోనూ ఉందని సంతోషమేసింది. ఈ ఫౌస్టీనా చనిపోయాక కూడా భర్త ఏళ్ళ తరబడి ఆమె బొమ్మతోనే నాణేలు వేయించాడని హుదా చెప్పింది.

మంగ భూతద్దం మీంచి తల ఎత్తలేదు. "జడలు పాయలుగా అల్లి, చుట్ట చుట్టి, అడుగున కుట్టెయ్యడమేగా అక్కా. పిన్నులెందుకు? సూదీ దారం చాలు."

"కొప్పున్నమ్మ ఎలా ముడిచినా అందమే అంటారు. కొప్పు ఎవరిది మరి?" అన్నాను.

ఇద్దరికీ ఒకేసారి గంగ గుర్తొచ్చింది.

బర్ దుబాయ్: నలుపులో ఎన్ని నలుపులు

దారం కోసం బర్ దుబాయ్ వెళ్ళాం. ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ దాటడానికి చెక్కపడవ, మనిషికి ఒక దిర్హమ్. నరసాపురం రేవులో పంటు ఎక్కినట్టే ఉంది, కాకపోతే ఎవరూ మేకల్ని ఎక్కించలేదు. పడవలో నా పక్కన కూర్చున్న పఠాను ముసలాయన, నా చీర చెంగు నీళ్ళలో పడబోతుంటే పట్టుకుని, తలొంచుకుని నా ఒళ్ళో పెట్టాడు. మాట లేదు. ఆ మర్యాదకి ఇప్పటికీ దండం పెడతాను.

బట్టల కొట్ల వరుసలో దారాలమ్మే గుజరాతీ ముసలాయన, నల్లదారం అనగానే ఒక పెట్టె నిండా రీళ్ళు ముందు పోశాడు. "కౌన్‌సా కాలా, బెహన్?" నలుపులో అన్ని నలుపులుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. మంగ సంచీలోంచి గంగ దువ్వెనలో దొరికిన వెంట్రుక ఒకటి తీసి రీళ్ళ మీద ఒక్కొక్కదాని పక్కనే పెట్టి చూసింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఇదంతా ఎవరికోసమని అడిగాడు. రోమా రాణికని మంగ చెబితే, "రాణీకో సూయీ ముఫ్త్," అని సూదుల పొట్లం ఉచితంగా ఇచ్చాడు. ఎంత బతిమాలినా డబ్బు పుచ్చుకోలేదు.

అక్కడి గుడి దగ్గర మూర మల్లెమొగ్గలు కొన్నాం. ధర చెబితే మీరు నవ్వుతారు, అందుకే చెప్పను. గ్లాసుడు చిక్కటి కరక్ చాయ్ తాగి వెనక్కి తిరిగాం.

గంగ నెత్తి

"నా నెత్తి మీద గుడి కడ్తరా అక్కా?" అంది గంగ విషయం విని. కానీ మర్నాడు, ప్రదర్శన ముగింపు రోజున, పని చేసే ఇంట్లో సెలవు అడిగి వచ్చేసింది.

గదిలో చాప మీద కూర్చోబెట్టి, నేనొకవైపు, మంగ ఒకవైపు జడలు అల్లాం. మంగ చుట్ట చుట్టింది. చుట్టకి చుట్టకి కుట్టు వేసి, మొత్తం కొప్పుని గట్టి బిళ్ళలా చేసి, జారకుండా తల మీది జుట్టుకి అక్కడక్కడ బంధపు కుట్లు వేసింది. మేము మొగ్గలజడ చేసే పద్ధతే ఇది. జడ ఒక ముక్కగా తయారవుతుంది, తర్వాత దాన్ని పెళ్ళికూతురికి నిలబెట్టి కుడతాం. గంగ తల ఊపింది, దగ్గింది, కావాలని ఎగిరింది. కొప్పు కదల్లేదు. నేను ఉండబట్టలేక కొప్పు కింద మొగ్గలు వరసగా కుట్టాను.

మేమిద్దరం వెనక నిలబడి మా పని చూసుకుని మురిసిపోయాం. మంగ ఫోన్‌లో ఫోటో తీసింది. వెనకనుంచి తీసింది. అక్కడే మేము చేసిన పొరపాటు ఉంది. అది అప్పుడు తెలియలేదు.

షార్జా, ముగింపు సాయంత్రం

హాలు నిండా ఆడవాళ్ళు. ఆ దేశపువాళ్ళు, మనవాళ్ళు, తెల్లవాళ్ళు. ఖర్జూరం, అల్లం వేసిన చాయ్ తిరుగుతున్నాయి. వేదిక మీద తెల్లటి తెర కట్టి, వెనక దీపం పెట్టారు. ఒక్కొక్క మనిషినీ తెర వెనక పక్కకి తిప్పి కూర్చోబెడతారు. నీడ తెర మీద పడుతుంది. దాని పక్కనే అసలు నాణెం బొమ్మ పెద్దదిగా వేస్తారు. రెండూ ఎంత కలిస్తే అంత మెప్పు.

మొదట జెన్నీ తయారుచేసిన అమ్మాయి కూర్చుంది. డోమ్నా రాణి తెర మీదికి దిగొచ్చినట్టే ఉంది. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. కొడుతూ కొడుతూ పక్కనున్న గంగని చూశాను. నా చేతులు ఆగిపోయాయి.

"మంగా, కొప్పు లేదే!"

"ఉందిగా అక్కా."

"మనకుంది. వాళ్ళకి లేదు. పక్కనుంచి చూడు."

మంగ చూసింది. ముఖం పాలిపోయింది. పెళ్ళిపీటల మీద కూర్చున్నవాళ్ళ వెనక ఊరంతా కూర్చుంటుంది. మా చేతులకి తెలిసిందల్లా వెనకనుంచి చూసే కళ్ళే. నాణెం చూసి కూడా, అలవాటు కొద్దీ కొప్పుని నడినెత్తి మీద కాకుండా తల వెనక వంపులో అణిగిపోయేలా కూర్చోబెట్టేశాం. పక్కనుంచి చూస్తే గంగ తల నున్నగా, గుమ్మడికాయలా ఉంది. రాణీ లేదు, కిరీటమూ లేదు.

మా ముందు ఇంకో సెలూన్ వాళ్ళు మాత్రమే ఉన్నారు. నస్రీన్ మేడం మొదటి వరసలో కూర్చుని మా వైపే చూస్తోంది. మంగ నా వైపు తిరిగింది. "అయిపోయిందక్కా. విప్పి మళ్ళీ కట్టే టైము లేదు."

"విప్పడమెందుకే? పెళ్ళికూతురికి జడ పక్కకి జారితే ఏం చేస్తాం? మొత్తం అల్లుతామా?"

మంగ నా ముఖంలోకి చూసింది. అర్థమైపోయింది. కొప్పు ఒకే బిళ్ళ. బంధపు కుట్లు తెంపితే చాలు, అలాగే పైకి జరుగుతుంది. సూది నా చెంగుకి గుచ్చి ఉంది. కత్తెర మాత్రం గుమ్మం దగ్గరే తీసేసుకున్నారు. మంగ వంగి దారాన్ని పళ్ళతో పట్టింది.

"అవ్వా! నా నెత్తి కొరుకుతున్నవా మంగా?"

"కదలకే తల్లీ! కదిలేవంటే రాణివి కాస్తా దాసీవైపోతావు!"

నేను మొగ్గలన్నీ తెంపేశాను. అవి పోయేసరికి వెనక జడలకి కాస్త వదులు దొరికింది. ఇంతలో ఎవరో వచ్చి మాకు అడ్డంగా చున్నీ పట్టుకుని నిలబడ్డారు. చూస్తే జెన్నీ. పళ్ళలో దువ్వెన కరుచుకుని ఉంది. అది తీసి మంగకిచ్చి, "గో, గో" అంది. తన పని ముగిసిన మనిషి, పోటీలో ఉన్న మనిషి, మా కోసం నిలబడింది. ఆ పిల్ల కడుపు చల్లగా ఉండాలి.

మంగ కొప్పుని రెండు చేతులతో, దేవుడి మీది కిరీటం జరిపినట్టు, మెల్లగా నడినెత్తి మీదికి ఎత్తింది. నేను పట్టుకున్నాను. తను కుట్టింది. నేను లోపల నామం చెప్పుకుంటూనే ఉన్నాను. ఆఖరి ముడి పడుతుండగా హుదా పిలిచింది: "ఫౌస్టీనా!"

గంగ తెర వెనక కూర్చుంది. గడ్డం కాస్త ఎత్తింది. అది మేము చెప్పలేదు.

నీడ పడింది. పక్కన నాణెం పడింది. నుదుటి అలలు, మెడ వంపు, నడినెత్తిన చుట్టలు చుట్టిన కొప్పు. ఏది బంగారంలోంచి వచ్చిందో, ఏది జగిత్యాల నుంచి వచ్చిందో ఎవరు చెప్పగలరు?  వెనక వరసలో ఒక అరబ్బు ముసలావిడ నాలుక ఆడిస్తూ వాళ్ళ పెళ్ళిళ్ళలో చేసే హర్షధ్వని ఎత్తుకుంది. దాని వెనకే హాలంతా ఎత్తుకుంది. హుదా తెర చుట్టూ వచ్చి, కొప్పు పట్టుకుని చిన్నగా లాగి చూసి, పిన్ను ఒక్కటీ లేదని అందరికీ చెప్పింది.

బహుమతి ఫౌస్టీనాకే అన్నారు. మా మంగని వేదిక మీదికి పిలిస్తే, ముందు లేచింది నస్రీన్ మేడం. కుర్చీ మీద నిలబడినంత పని చేసింది. "మా మంగ! మా సెలూన్ మంగ! నేనే పంపించిన!" అని పక్కవాళ్ళకి ఉర్దూలో, ఇంగ్లీషులో, వచ్చినంత అరబ్బీలో చెబుతోంది. గంగ వేదిక దిగుతూ నా చెవిలో అంది, "అక్కా, ఫాయిదా లేదన్న గదా, ఆ మాట వాపస్ తీస్కుంటున్న."

నేను ఏడ్చాను. సంతోషానికి ఏడవడం తప్పు కాదు.

మర్నాడు, అజ్మాన్

పొద్దున సెలూన్ తెరిచేసరికి మూల కుర్చీ మూలలో లేదు. కిటికీ దగ్గర, జెన్నీ కుర్చీ పక్కన ఉంది. నస్రీన్ మేడం స్వయంగా జరిపించిందట. దాని మీద దులిపిన కొత్త గుడ్డ. అద్దం ముందు దువ్వెనలు, నూనె, ఒక గాజు గ్లాసులో సూదులు.

"కూసో, చూస్కో ఒకసారి," అంది నస్రీన్. మంగ కూర్చోలేదు. కుర్చీ వెనక్కి వెళ్ళి దాని వీపు మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. అక్కడే బాగుందంది.

ఇంతలో గంట మోగి తలుపు తెరుచుకుంది. నిన్న హాల్లో హర్షధ్వని ఎత్తుకున్న ముసలావిడే, మనవరాలి చెయ్యి పట్టుకుని లోపలికొచ్చింది. మనవరాలికి నిశ్చితార్థమట. సూదితో కొప్పు కుట్టే ఆవిడ ఎవరని అడిగింది. నస్రీన్ వేలు చూపించేలోపే మంగ కుర్చీని వాళ్ళ వైపు తిప్పింది.

"తఫద్దలీ," అంది.